వరుస కుదిర్చిన తార్కికుడు: లూయీ కారల్

ఆలిస్ అనే బాలిక కుందేలు వెంట బొరియలోకి దిగి వింతలోకం చేరిన కథను ఎరుగని చదువరి అరుదు. ఆ కథ రచించిన లూయీ కారల్ అసలు పేరు చార్లెస్ లట్విడ్జ్ డాడ్జ్‌సన్ అనీ, ఆయన ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో గణితశాస్త్రోపన్యాసకుడనీ తెలిసినవారు కొద్దిమంది. తన జీవితపు చివరి పాతికేళ్లలో ఆయన పదే పదే ఒక ప్రశ్న దగ్గరకే తిరిగి వచ్చాడని తెలిసినవారు మరీ కొద్దిమంది. చెప్పిన మాటలను బట్టి చెప్పని వరుసను ఎంతవరకు నిశ్చయంగా తెలుసుకోగలం, ఎక్కడ ఆగిపోవాలి అన్నదే ఆ ప్రశ్న.

బ్యాంకు ఉద్యోగాల పరీక్షలలోను, ఐసెట్ వంటి ప్రవేశపరీక్షలలోను మన విద్యార్థులను కలవరపెట్టే ప్రశ్నలు ఈ జాతికి చెందినవే. ఆరుగురు ఒక బల్లపై కూర్చున్నారు, ఫలానా వ్యక్తి చివర లేడు, ఫలానా ఇద్దరు పక్కపక్కన ఉన్నారు, అయితే మూడవ స్థానంలో ఉన్నదెవరు అనే ధోరణిలో అవి సాగుతాయి. పుట్టుకతో చురుకైన బుద్ధి ఉన్నవారికే ఇవి సాధ్యమనీ, తక్కినవారు ఏదో ఒక జవాబుకు గుర్తు పెట్టి అదృష్టాన్ని నమ్ముకోవలసిందేననీ మన పిల్లలలో ఒక అభిప్రాయం పాతుకొని ఉన్నది. తెలుగు, ఉర్దూ మాధ్యమాలలో చదివి వచ్చినవారిలో అది మరింత బలంగా కనిపిస్తుంది. ఆ అభిప్రాయం ఎంత నిరాధారమో తెలుసుకొనడానికి డాడ్జ్‌సన్ జీవితం కంటె మంచి సాక్ష్యం నాకు కనబడలేదు.

ఆయన 1832 జనవరి 27వ తేదీన ఇంగ్లండులోని చెషైర్ మండలంలో డేర్స్‌బరీ అనే పల్లెలో జన్మించాడు. తండ్రి క్రైస్తవ మతాచార్యుడు. ఆక్స్‌ఫర్డులో ప్రాచీన భాషలలోను, గణితంలోను ప్రథమశ్రేణి పొందిన విద్వాంసుడు. పదకొండుమంది సంతానంలో చార్లెస్ మూడవవాడు, మగపిల్లలలో పెద్దవాడు. 1843లో కుటుంబం యార్క్‌షైర్‌లోని క్రాఫ్ట్ గ్రామానికి తరలిపోయింది. అక్కడి విశాలమైన తోటలో తమ్ముళ్లకు, చెల్లెళ్లకు ఆయన ఒక బొమ్మ రైలుమార్గాన్ని ఏర్పాటు చేసి, స్టేషన్లు పెట్టి, ప్రయాణికులు పాటించవలసిన నియమావళిని కూడ రాశాడు. ఆటలో సైతం ముందు నియమాలు, తరువాత ప్రయాణం. ఈ క్రమం ఆయనను జీవితాంతం విడువలేదు.

ఆయనకు నత్తి ఉండేది. ఒక చెవి సరిగా వినిపించేది కాదు. 1846లో చేరిన రగ్బీ పాఠశాలలో మూడు సంవత్సరాలు గడిపాడు గాని ఆ దినాలను తలచుకొని ఆయన ఏనాడూ సంతోషించలేదు. 1851 జనవరిలో ఆక్స్‌ఫర్డులోని క్రైస్ట్ చర్చ్ కళాశాలలో నివాసానికి వచ్చిన రెండు దినాలకే తల్లి మరణవార్త అందింది. దుఃఖాన్ని దిగమింగి చదువు కొనసాగించి, 1854లో గణితంలో ప్రథమశ్రేణిలో, పట్టికలో అందరికంటె ముందు నిలిచాడు.

మరుసటి సంవత్సరం జరిగినది మన విద్యార్థులు ప్రత్యేకంగా గమనించదగినది. 1855 వసంతంలో ఒక గణిత విద్యార్థి వేతనం కొరకు ఆయన పరీక్షకు కూర్చొని ఓడిపోయాడు. ఆ పదవీకాలమంతా సరిగా శ్రమించి ఉంటే అది ఎంత సులభంగా లభించేదో తలచుకొని దినచర్యలో బాధపడ్డాడు, ఆ కాలాన్ని వ్యర్థం చేసుకున్నానని రాసుకున్నాడు. ఆక్స్‌ఫర్డు గణిత పట్టికలో మొదటివాడు కేవలం బుద్ధిబలం మీద గట్టెక్కలేకపోయాడన్న మాట! అదే సంవత్సరం చివర కళాశాల ఆయనను గణితోపన్యాసకునిగా నియమించింది. 1881లో తానుగా విడిచే వరకు ఆ పదవిలో ఉన్నాడు. 1861లో మతాధికార క్రమంలో మొదటి మెట్టయిన డీకన్ పదవిని స్వీకరించాడు గాని అంతకు పైకి పోలేదు. వివాహం చేసుకోలేదు. 1862 జూలై 4న కళాశాల అధిపతి లిడ్డెల్ కుమార్తెలను పడవలో విహారానికి తీసుకొనిపోతూ చెప్పిన కథ 1865లో గ్రంథమైనది. దాని కీర్తి అందరికీ తెలిసినదే కనుక ఇక్కడ విస్తరించను.

ఆయనకు అన్నింటినీ వరుసగా నమోదు చేసే అలవాటు ఉండేది. 1861 జనవరి నుండి తాను రాసిన, తనకు వచ్చిన ఉత్తరాలన్నింటికీ క్రమసంఖ్య వేసి సారాంశంతో పట్టికలో ఎక్కించాడు. ఆయన మరణించే నాటికి ఆ సంఖ్య 98,721కి చేరింది. విందుకు అతిథులను పిలిచినప్పుడు ఎవరు ఎక్కడ కూర్చున్నారో చిన్న పటం గీసి ఉంచేవాడు. వడ్డించిన పదార్థాల జాబితా కూడ దాచేవాడు, మళ్లీ వచ్చినవారికి అదే వంటకం పెట్టకుండా ఉండేందుకు. పరీక్షాపత్రంలో బల్ల చుట్టూ కూర్చున్నవారి ప్రశ్న చూసినప్పుడల్లా నాకు ఈ పటాలు గుర్తుకు వస్తాయి. జ్ఞాపకశక్తి మీద భారం వేయక, తెలిసినదానిని తెలిసిన వెంటనే కాగితం మీద స్థానం చూపి పెట్టడం ఆయన మొదటి ఉపాయం. నిద్రపట్టని రాత్రులలో మనసులోనే సాధించిన డెబ్బదిరెండు లెక్కలను 1893లో గ్రంథంగా ప్రకటించిన వ్యక్తి సైతం విందు పటాన్ని కాగితం మీదనే గీసుకున్నాడు.

ఈ అలవాటు శాస్త్రంగా మారినది కళాశాల రాజకీయాలలో. క్రైస్ట్ చర్చ్‌లో గంటల గోపురం నిర్మాణం గురించి, కొన్ని నియామకాల గురించి తీవ్రమైన భేదాభిప్రాయాలు వచ్చాయి. గోపురపు తొలి నమూనాను ఎగతాళి చేస్తూ డాడ్జ్‌సన్ 1872లో ఒక కరపత్రమే వేశాడు. అయితే ఆయన ఎగతాళితో ఆగలేదు. పలు ప్రతిపాదనలు ఉన్నప్పుడు సభ్యుల ఇష్టాన్ని ఏ పద్ధతిలో తెలుసుకోవాలి అని 1873, 1874, 1876 సంవత్సరాలలో మూడు చిన్న పుస్తకాలు అచ్చువేయించాడు. ముగ్గురు సభ్యులున్నారనుకొందాం. మొదటివాని ఇష్టం క, చ, ట అనే వరుసలో ఉన్నది. రెండవవానిది చ, ట, క. మూడవవానిది ట, క, చ. ఇద్దరిద్దరిని పోల్చి చూస్తే చ కంటె క మేలని ఇద్దరంటారు. ట కంటె చ మేలని ఇద్దరంటారు. క కంటె ట మేలని కూడ ఇద్దరే అంటారు! ఒక్కొక్క సభ్యుని మనసులో చక్కని వరుస ఉన్నా, మొత్తం సభకు వరుస లేకపోయింది, చక్రంలాగ తిరుగుతున్నది. ఫ్రెంచి పండితుడు కొండోర్సే 1785లోనే ఈ వింతను కనిపెట్టాడు గాని అది మరుగునపడిపోయింది. డాడ్జ్‌సన్ దానిని వెలికితీసి, ఇటువంటి చక్రం వచ్చినప్పుడు ఏమి చేయాలన్న విచారణ చేశాడు. ఆయన వ్రాతల విలువను 1950లలో డంకన్ బ్లాక్ అనే ఆర్థికశాస్త్రజ్ఞుడు లోకానికి చాటే వరకు పట్టించుకున్నవారు లేరు. సంఘాలలో, కమిటీలలో కూర్చునే పెద్దలు ఈ మూడు పుస్తకాల సంగతి ఒకసారి తెలుసుకొనడం మంచిదని నా మనవి.

1883లో వెలువడిన మరొక చిన్న పుస్తకం నా దృష్టిలో ఆయన తర్కరచనలన్నింటిలో అత్యంత మానవీయమైనది. అది లాన్ టెన్నిస్ పోటీల గురించి. వింబుల్డన్ పోటీలు 1877లో ప్రారంభమై ఆ ఆట వ్యాప్తి పొందుతున్న రోజులవి. ఓడినవాడు వెంటనే వైదొలగాలి, చివరి ఆటలో ఓడినవానికి రెండవ బహుమతి. ఇది అందరికీ న్యాయంగా తోచిన పద్ధతి. డాడ్జ్‌సన్‌కు తోచలేదు. ముప్పదిరెండుగురు ఆటగాళ్లున్నారు. నిజంగా అందరికంటె గొప్పవాడు పట్టికలో ఒక సగంలో ఉంటాడు. నిజంగా రెండవవాడు అదే సగంలో పడితే, ఏదో ఒక ఆటలో మొదటివానికి ఎదురై ఓడి ఇంటికి పోవలసిందే. అతడు రెండవ సగంలో పడాలి. మిగిలిన 31 స్థానాలలో ఆ సగానికి చెందినవి 16. అనగా యోగ్యతకు తగిన బహుమతి అతనికి దక్కే అవకాశం 31లో 16 వంతులు మాత్రమే, ఇంచుమించు బొమ్మా బొరుసూ వేసినట్లే.

లోపం ఎక్కడున్నది? మొదటిరోజే ఓడినవాడు అందరికంటె తక్కువవాడని ఎవరూ నిరూపించలేదు. అతనికంటె ఒకడు మేలని మాత్రమే తేలింది. తెలిసినదానికీ ఊహించినదానికీ మధ్య ఉన్న ఈ గీతను చెరిపివేసి, మనం ఎందరిని వెనుకబెంచీకి పంపుతున్నామో! డాడ్జ్‌సన్ సూచించిన పద్ధతి ఇది. ప్రతి ఆటగాని పేరు ఎదుట అతనికంటె మేలైనవారి పేర్లు రాయాలి. చ మీద క గెలిస్తే క పేరు చ ఎదుట రాయాలి. తరువాత క మీద ట గెలిస్తే ట పేరు క ఎదుటనే గాక చ ఎదుట కూడ రాయాలి. వారిద్దరు ఆడకపోయినా ఆ సంగతి తేలిపోయినట్లే. ఎవని ఎదుట ముగ్గురి పేర్లు చేరుతాయో వానిని తొలగించాలి, ఎందుకంటే మూడు బహుమతులలో ఏదీ ఇక వానికి రాదు. అంతవరకు అతడు ఓడినా ఆడుతూనే ఉండాలి. ఆనాటి క్రీడాసంఘాలు ఈ పద్ధతిని స్వీకరించలేదు. బలమైన ఆటగాళ్లు ముందుగానే తారసపడకుండా వేరు వేరు భాగాలలో నిలిపే ఏర్పాటు వింబుల్డన్‌లో పూర్తిగా అమలులోకి వచ్చినది 1927లో. లోపం నిజమేనని ఒప్పుకున్నట్లే గదా!

ఆయన తరగతి పాఠాలు నీరసంగా ఉండేవని కొందరు శిష్యులు తరువాత జ్ఞాపకం చేసుకున్నారు. కాని 1880వ దశకం చివరలో ఆక్స్‌ఫర్డులోని బాలికల హైస్కూలులోను, లేడీ మార్గరెట్ హాల్ అనే స్త్రీల కళాశాలలోను తర్కం బోధించినప్పుడు ఆయన వేరొక మనిషి. తర్కం పండితుల సొత్తని ఆయన అంగీకరించలేదు. 1887 సంవత్సరం వేసి వెలువరించిన ది గేమ్ ఆఫ్ లాజిక్ అనే పుస్తకంతో ఒక అట్టను, తొమ్మిది బిళ్లలను ఇచ్చాడు: నాలుగు ఎరుపు, అయిదు బూడిదరంగు. అట్టపై గడులుంటాయి. ఫలానా గడిలో ఎవరో ఉన్నారని తెలిస్తే ఎర్రబిళ్ల, ఎవరూ లేరని తెలిస్తే బూడిదబిళ్ల. ఏమీ తెలియని గడిలో ఏ బిళ్లా ఉండదు. ఖాళీ గడి వేరు, ఎవరూ లేరని తేలిన గడి వేరు. పరీక్షలలో మన విద్యార్థులు తప్పు చేసే చోటు సరిగ్గా ఇదే.

1896లో సింబాలిక్ లాజిక్ మొదటి భాగం వచ్చింది. అందులో అనేక ప్రతిజ్ఞలను కావాలని తారుమారుగా పేర్చి, అన్నింటినీ వినియోగించి ఒక్క నిర్ణయం రాబట్టమని అడిగే అభ్యాసాలున్నాయి. వాటి పద్ధతి తెలియడానికి మన కళాశాల వాతావరణం నుండి నేనొకటి కల్పిస్తున్నాను. ఒకటి: గ్రంథాలయంలో చదివేవారెవరూ సాయంకాలపు ఆటకు రారు. రెండు: ముషాయిరాకు వచ్చినవారందరూ ఉర్దూ తెలిసినవారే. మూడు: సాయంకాలపు ఆటకు రానివారెవరూ కళాశాల జట్టులో లేరు. నాలుగు: ఉర్దూ తెలిసినవారందరూ గ్రంథాలయంలో చదివేవారే. (ఇవి నిజాలు కావు సుమా, అభ్యాసం కొరకు మాత్రమే!) మొదటినుండి చివరకు చదివితే తల తిరుగుతుంది. ఏ పదం ఎన్నిసార్లు వచ్చినదో లెక్కించండి. ఉర్దూ, గ్రంథాలయం, ఆట రెండేసి సార్లు వచ్చాయి. ముషాయిరా, జట్టు ఒక్కొక్కసారే వచ్చాయి. ఒక్కసారి వచ్చినవి గొలుసు కొనలు. రెండుసార్లు వచ్చినవి కలిపే కొక్కేలు. ముషాయిరాతో మొదలుపెడితే రెండు, నాలుగు, ఒకటి, మూడు అనే వరుస తానుగా ఏర్పడుతుంది. ముషాయిరాకు వచ్చినవారెవరూ జట్టులో లేరన్నది నిర్ణయం.

మన మదర్సాలలో దర్సె నిజామీ పాఠ్యక్రమంలో మంతిఖ్ చదివిన పెద్దలకు ఇది కొత్త కాదు. సుగ్రా, కుబ్రా అనే రెండు వాక్యాలను కలిపి, తన పని తీరగానే తప్పుకునే మధ్యపదాన్ని వారు హద్దె ఔసత్ అన్నారు. డాడ్జ్‌సన్ అట్టపై నడిమి చతురస్రం ఆ హద్దె ఔసత్‌దే. అరిస్టాటిల్ నుండి అరబ్బీ పండితుల ద్వారా వచ్చిన ఆ విద్య మన ఇళ్లలో ఒకనాడు ఉండేది. దానినే రీజనింగ్ అన్న పేరుతో పరీక్షాపత్రంలో చూసి మన పిల్లలు పరాయిదానిగా భావించి జంకుతున్నారు.

ఇక పరీక్షలోని వరుస ప్రశ్ననే తీసుకొందాం. వక్తృత్వపోటీలో క, చ, ట, త, ప, స అనే ఆరుగురు ఒకరి తరువాత ఒకరు మాట్లాడారు. ట ముగించిన వెంటనే చ మాట్లాడాడు. ట కంటె ముందు క మాట్లాడాడు. చ తరువాత ఎప్పుడో ప మాట్లాడాడు. స మూడవవాడు. ఆరుగురిని నిలబెట్టే విధాలు మొత్తం 720. వాటిని ఒక్కొక్కటిగా పరీక్షించబోయేవానికి గంట మ్రోగుతుంది. డాడ్జ్‌సన్ రీతిలో ముందు వాక్యాలను అక్షరాలుగా కుదించి, ఉమ్మడి పదాలతో కలపాలి. ట, చ విడదీయరాని జంట. జంటకు ముందు క, జంట తరువాత ప. నలుగురు ఒకే గొలుసులో చేరిపోయారు. ఇప్పుడు అన్నింటికంటె బిగువైన నియమం పట్టుకోవాలి: స మూడవ స్థానంలో స్థిరంగా ఉన్నాడు. జంటకు పక్కపక్కన రెండు స్థానాలు కావాలి. ఒకటి, రెండు కుదరవు, ముందు క ఉండాలి గనుక. రెండు, మూడు కుదరవు. మూడు, నాలుగు కుదరవు. మూడు స ది. అయిదు, ఆరు కుదరవు, వెనుక ప ఉండాలి. మిగిలినది నాలుగు, అయిదు. కావున ట నాలుగు, చ అయిదు, ప ఆరు. క, త లు మొదటి రెండు స్థానాలలో ఉన్నారు.

వారిద్దరిలో మొదట ఎవరు? చాలామంది తొందరపడి క అంటారు, నియమాలలో క పేరు వినిపించింది గనుక. కాని అది సాధ్యమే గాని సిద్ధం కాదు. అక్కడ ఏ రంగు బిళ్లా పెట్టడానికి వీలులేదు. తప్పనిసరిగా నిజమైనది ఏది అని ప్రశ్న అడిగితే క మొదటివాడన్న జవాబు తప్పు. నిజం కాగలిగినది ఏది అని అడిగితే అదే ఒప్పు. ప్రశ్నలోని ఆ ఒక్క మాటను చదవకపోవడం వల్ల పోయే మార్కులు, తెలివి చాలక పోయే మార్కుల కంటె ఎక్కువని నా అనుభవం.

బిగువైన నియమం ఏదీ లేక ఎటూ తోచని సమయానికి కూడ డాడ్జ్‌సన్ ఒక దారి కనిపెట్టాడు. 1894లో ఆయనకు తట్టిన ఈ పద్ధతిని వృక్షపద్ధతి అన్నాడు. ఒక సంగతిని ఉన్నదనుకొని బయలుదేరాలి. దాని నుండి తప్పక వచ్చే పర్యవసానాలను కిందికి రాసుకొంటూ పోవాలి. రెండు అవకాశాలు వచ్చిన చోట కొమ్మ చీల్చాలి. ఏ కొమ్మ వైరుధ్యంలో ముగుస్తుందో అది ఎండిపోయినట్లే. అన్ని కొమ్మలూ ఎండిపోతే మొదట అనుకొన్నదే తప్పు. పరీక్షలో రెండు మూడు కొమ్మలకు మించి చీల్చవలసి వస్తే, ఏదో నియమాన్ని సరిగా చదవలేదని అనుమానించి వెనక్కు పోవడం మంచిది. ఇది ఆయన మాట కాదు, నా అనుభవం.

నిరాధారమైన నిర్ణయాల యెడల ఆయనకు ఎంత అసహనమో ఒక చిన్న సంగతి తెలుపుతుంది. ఆలిస్ కథ చదివి ముచ్చటపడిన విక్టోరియా రాణి ఆయన తరువాతి పుస్తకం పంపమని కోరగా ఆయన గణితగ్రంథం పంపాడన్న కట్టుకథ లోకంలో వ్యాపించింది. వినడానికి సొగసైన కథ. అది పూర్తిగా అబద్ధమని సింబాలిక్ లాజిక్ రెండవ ముద్రణలో ఆయన ప్రత్యేకంగా ప్రకటించాడు. అయినా ఆ కథ నేటికీ ప్రచారంలోనే ఉన్నది.

1897 చివర క్రిస్మస్ సెలవులకు గిల్డ్‌ఫర్డులో తన చెల్లెళ్లు, అక్కలు ఉండే ఇంటికి వెళ్లాడు. సింబాలిక్ లాజిక్ రెండవ భాగం పని సాగుతున్నది. జలుబుగా మొదలైనది న్యుమోనియాగా మారి, 1898 జనవరి 14న, అరవై ఆరవ ఏట అడుగుపెట్టడానికి ముందే కాదు, అరవై ఆరు నిండడానికి పదమూడు దినాల ముందు ఆయన కన్నుమూశాడు. గిల్డ్‌ఫర్డులోనే సమాధి చేశారు. వృక్షపద్ధతిని వివరించిన రెండవ భాగం అచ్చుకు ఎక్కలేదు. ముద్రణాలయం నుండి వచ్చిన దిద్దుబాటు ప్రతులు కొన్ని అక్కడక్కడ చెదిరిపోయాయి. డబ్ల్యు. డబ్ల్యు. బార్ట్లీ అనే అమెరికను తత్త్వశాస్త్రాచార్యుడు వాటిని వెదకి సేకరించి 1977లో ప్రకటించాడు. అంతలో ఇరవయ్యవ శతాబ్దపు తార్కికులు ఆ పద్ధతికి దగ్గరి పద్ధతులను తమంతట తాము కనిపెట్టి, విశ్వవిద్యాలయాలలో బోధిస్తూనే ఉన్నారు.